బిడ్డతోనే మాట్లాడుదము

కుటుంబ పాఠము
చదువవలసిన లేఖన భాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 21 నుండి 43 వచనములు



క్యాన్సరు చికిత్స పొందుతున్న ఎదిగిన బిడ్డను తల్లిదండ్రులు ఎట్లు చూచుకోవాలి, సంఘము వారికి ఎట్లు తోడుగా నిలవాలి అనేది ఈసారి మన పాఠము. చాలామంది పైకి పలకడానికే భయపడే మాట ఇది. మా సంఘములోని ఒక కుటుంబము రెండున్నర సంవత్సరాలు నడిచిన దారిని గూర్చి, ఆ దారిలో సంఘ పెద్దలమైన మేము చేసిన ఒక తప్పును గూర్చి వారి అనుమతితోనే వ్రాస్తున్నాము. పేర్లు వ్రాయడము లేదు.

మా కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో 2001లో బంగారు గనులు మూతపడినప్పటి నుండి ఎంతోమంది తెల్లవారుజామున రైలెక్కి, బెంగళూరులో పని చేసుకొని, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఈ బిడ్డ తండ్రి కూడా అటువంటివాడే. అబ్బాయికి అప్పుడు 15 ఏళ్లు, పదవ తరగతిలోకి వచ్చాడు. ముందు విడవని జ్వరము, తరువాత కాళ్లలో ఎముకల నొప్పి, ముఖము పాలిపోవడము, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. టైఫాయిడ్ అనుకొని కొన్నాళ్లు మందులు వాడారు. చివరకు బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో రక్తము, ఎముకల మూలుగ పరీక్షించి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అని చెప్పారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే రక్త క్యాన్సరు ఇదే.

ఆ రాత్రి తండ్రి మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, పిల్లవాడికి ఈ మాట ఎట్లా చెప్పేది?" అని ఏడ్చాడు. మేము, "చెప్పవద్దు బాబూ, పసివాడు, బెదిరిపోతాడు. రక్తము తక్కువైందని చెప్పు చాలు" అన్నాము. తక్కిన పెద్దలూ అదే మంచిదన్నారు.

మేము ఆలోచించనిది ఒకటున్నది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాడు ఆ అబ్బాయి ఒక్కడే. తల్లికి తెలుగు చదవడము వచ్చు, కన్నడము మాట్లాడడము వచ్చు. తండ్రి సంతకము మాత్రము చేయగలడు. ఆసుపత్రిలో ఫైలు పట్టుకొని తిరిగినది వాడే, కౌంటరులో ఇచ్చిన కాగితము చదివి అమ్మకు చెప్పినది వాడే. నాలుగవ రోజుననే ఫైలు మీద ఉన్న పేరు చదివాడు. ఎవరితోను అనలేదు.

కొన్ని నెలల తరువాత తల్లి పడక దులుపుతుంటే దిండు గలేబులో నుండి మాత్రలు రాలినవి. లెక్క పెడితే 17. ఎందుకురా ఇట్లా చేశావని అడిగితే వాడు చెప్పిన జవాబు ఇది: "అందరూ కలిసి నాకు అబద్ధము చెప్పారంటే, నేను బ్రతకనని మీకు తెలుసు అనుకున్నాను. బ్రతకనివాడికి మాత్రలు ఎందుకు?"

తండ్రి ఆ మాట మాకు చెప్పినప్పుడు మేము తల ఎత్తలేకపోయాము. బిడ్డను భయము నుండి కాపాడాలని మేము చెప్పించిన అబద్ధము, ఆ భయముతో వాడిని ఒంటరిగా వదిలిపెట్టింది. ఆ వారములో మేము యాయీరు కుమార్తె చరిత్రను మరల చదివాము. ఎన్నోసార్లు ప్రసంగములలో విన్న భాగమే. ఈసారి అందులో ఐదు సంగతులు మాకు కనబడినవి.

1. తండ్రి వెళ్లి అడిగాడు, దారిలో వేచియున్నాడు

యాయీరు సమాజమందిరపు అధికారి. ఆయనకు పరువున్నది. అయినా అందరి ఎదుట యేసు పాదముల మీద పడి తన బిడ్డ కొరకు బతిమాలాడు. దారిలో ఇంకొక స్త్రీ వలన ఆలస్యము జరిగినా వెనుదిరిగి పోలేదు.

మన తల్లిదండ్రులు కూడా పరువు పక్కన పెట్టి, త్వరగా, తగిన చోటికి వెళ్లాలి. బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో 1954లో ప్రారంభమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సి.ఎం.సి., ముంబయిలో 1941 నుండి ఉన్న టాటా మెమోరియల్, కటక్‌లో ఆచార్య హరిహర్ ఆసుపత్రి ఉన్నవి. యానాము వారికి విశాఖపట్నములో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పుదుచ్చేరిలో జిప్మర్ ఉన్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారము ధనిక దేశాలలో క్యాన్సరు వచ్చిన పిల్లలలో 80 శాతమునకు పైగా నయమవుతున్నారు. పేద దేశాలలో 30 శాతము కన్నా తక్కువ. ఆలస్యముగా గుర్తించడము, వేరే జబ్బు అనుకోవడము, చికిత్స మధ్యలో మానివేయడము ఇందుకు ముఖ్య కారణాలలో కొన్ని. వీటిలో కొన్ని మన చేతిలో ఉన్నవే.

ఈ రక్త క్యాన్సరుకు చికిత్స రెండు నుండి మూడు సంవత్సరాలు పడుతుంది. మొదటి నెలలోనే రక్తములో జబ్బు కణాలు కనబడకుండా పోవచ్చు. బిడ్డ లేచి తిరుగుతాడు, జుట్టు మరల వస్తుంది. చాలామంది "బాగయ్యాడు కదా" అని ఆగిపోయేది అక్కడే. కంటికి కనబడని కణాలు మిగిలి ఉంటాయి గనుకనే అన్ని నెలలు మందులిస్తారు. ఈ దీర్ఘకాలపు మందులలో ఒకటి రోజూ వేసుకునేది, మెథోట్రెక్సేట్ అనేది సాధారణముగా వారానికి ఒక్కసారే వేసుకునేది. దానిని పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయము. అందుకని క్యాలెండరు మీద ఆ వారమునకు గుర్తు పెట్టుకోవాలి. మాత్రలు తరచు తప్పిన పిల్లలలో వ్యాధి తిరగబెట్టడము ఎక్కువని పరిశోధనలలో తేలింది.

ఈ మాత్ర వెనుక ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని మన పిల్లలకు చెప్పండి. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలము జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే సంవత్సరము సుబ్బారావు గారు మరణించారు. మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందము పనిలో నుండి వచ్చినదే. ఈ సంగతి చెప్పినప్పుడు మా అబ్బాయి ఆ మాత్రను చేతిలో తిప్పి చూసుకొని, "ఇది మన భీమవరము మాత్రా మాస్టారూ?" అన్నాడు.

2. ఏడ్చి గోలచేయువారిని బయటికి పంపాడు

యేసు ఆ ఇంటికి వచ్చేసరికి లోపలంతా గోలగా ఉన్నది. ఆయన వారిని బయటికి పంపివేశాడు. బిడ్డ ఉన్న గది దగ్గర ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అని నిర్ణయించడము కూడా ప్రేమే.

చికిత్స పొందే బిడ్డకు తెల్లకణాలు తగ్గిపోయి ఉంటాయి. మనము పదిమందిమి కలిసి పరామర్శకు వెళ్లడము బిడ్డకు మేలు కాదు. జలుబు, దగ్గు ఉన్నవారు అసలే వెళ్లకూడదు. ఆటలమ్మ గాని తట్టు గాని సోకినవారి దగ్గర బిడ్డ ఉన్నట్లయితే ఆ రోజే డాక్టరుకు తెలియజేయాలి. అంతకన్నా అపాయమైనవి మన మాటలు. "ఫలానావారి అబ్బాయి ఇట్లాగే పోయాడు" అని బిడ్డ వినేటట్లు చెప్పేవారున్నారు. "మీ ఇంట్లో ఏ పాపమున్నదో పరీక్షించుకోండి" అనేవారున్నారు. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు కూడా పుట్టుగ్రుడ్డివాని విషయములో ఇదే ప్రశ్న అడిగారు. ప్రభువు ఆ నిందను వాని మీద గాని, వాని తల్లిదండ్రుల మీద గాని ఉండనివ్వలేదు. ఇది ఒకరి నుండి మరొకరికి అంటుకునే జబ్బు కూడా కాదు. ఆ బిడ్డ గ్లాసు వేరుగా పెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మందులు మాని విశ్వాసముతో నిలవమని సలహా ఇచ్చేవారు కూడా వస్తారు. హిజ్కియా మరణకరమైన రోగములో ఉన్నప్పుడు దేవుడు బాగుచేస్తానని మాట ఇచ్చిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద పెట్టించాడు. ప్రార్థన చేసినవాడే మందు కూడా పెట్టించాడు. మనమూ అట్లే చేయుదము. నాటు మందులు, ఆకుపసరులు ఇచ్చేముందు డాక్టరుకు చెప్పాలి. కొన్ని కీమో మందులకు అవి అడ్డుపడతాయి.

3. తల్లిని తండ్రిని, ఇద్దరినీ లోపలికి తీసుకొనిపోయాడు

మన ఇండ్లలో సాధారణముగా తల్లి ఆసుపత్రిలో ఉంటుంది, తండ్రి డబ్బు కొరకు తిరుగుతాడు. రెండు నెలలు గడిచేసరికి ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోతాయి. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదు. డాక్టరు ముఖ్యమైన సంగతి చెప్పే రోజున ఇద్దరూ ఉండేటట్లు చూచుకోవాలి. సంఘములో ఒక సహోదరుడు ఆ రోజు కూలి నష్టమును భరిస్తే అది గొప్ప కానుక.

ఇంటిలో మిగిలిన పిల్లలను మరువరాదు. ఈ అబ్బాయి చెల్లెలు 11 ఏళ్ల పిల్ల. ఆరు నెలలు పక్కింటిలో పెరిగింది. ఒకరోజు సండే స్కూలు టీచరుతో, "అన్నకు జబ్బు రావాలని ఒకసారి కోపములో అనుకున్నాను, అందుకే వచ్చిందా అక్కా?" అని అడిగిందట. అన్ని నెలలు ఆ బరువు మోసినది ఆ చిన్నది. ఆమెకు కూడా నిజము చెప్పవలసినదే.

4. ఆ చిన్నదానితోనే మాట్లాడాడు

మన పాఠమునకు ఇది గుండెకాయ. ఆ అమ్మాయికి 12 ఏళ్లు. యేసు ఆమె తలమీదుగా పెద్దవారితో మాట్లాడి ఊరుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకొని, ఆమె భాషలో, ఆమెతోనే మాట్లాడాడు.

మాత్రలు దొరికిన మరుసటి వారము తల్లిదండ్రులు డాక్టరుగారిని అడిగి, అబ్బాయిని కూర్చోబెట్టి అంతా చెప్పారు. ఎట్లు చెప్పాలో అప్పుడు మేము నేర్చుకున్నది ఇది. మొదట, "నీకేమి తెలుసు, ఏమి విన్నావు?" అని అడగాలి. జబ్బు పేరు చెప్పాలి. మందు ఉన్నదని, ఎంతకాలము పడుతుందని, ఏమి నొప్పి ఉంటుందని చెప్పాలి. "తప్పకుండా బాగవుతావు" అని మన చేతిలో లేని మాట ఇవ్వకూడదు. వాడు, "నేను చచ్చిపోతానా?" అనే అడిగాడు. తల్లి, "ఆ భయము మాకూ ఉన్నది నాయనా. నిన్ను బాగుచేయాలనే డాక్టర్లు ఈ మందులిస్తున్నారు. ఏమి జరిగినా నీకు దాచము, నిన్ను ఒంటరిగా వదలము" అని చెప్పింది. అంతకంటె మంచి జవాబు మాలో ఎవరికీ తెలియదు. ఆనాటి నుండి వాడు మాత్రలు తానే లెక్కపెట్టుకొని వేసుకున్నాడు.

ఎదిగే వయస్సు బిడ్డకు చిన్న చిన్న నిర్ణయాలు వదిలిపెట్టాలి. సూది ఏ చేతికి వేయించుకోవాలి, జుట్టు రాలకముందే తీయించుకోవాలా, స్నేహితులలో ఎవరికి చెప్పాలి అనేవి వాడివే. మాత్ర వేసుకోవాలా వద్దా అనేది మాత్రము వాడికి వదలకూడదు. స్నానము, బట్టలు మార్చుకోవడము వంటి వాటిలో మరుగు కావాలి. డాక్టరుతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడే అవకాశము ఇవ్వాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడే రోజులలో ముఖము ఉబ్బుతుంది, ఆకలి ఎక్కువవుతుంది, కోపము, ఏడుపు ముంచుకొస్తాయి. దానిని బిడ్డ గుణమని తప్పుపట్టకూడదు. అయినా మాటతీరులో, చెల్లెలితో మెలగుటలో ఇంటి క్రమము ఉండవలసినదే. అన్నీ సడలించివేస్తే, తనకిక దినములు లేవేమోనని బిడ్డ అనుకుంటాడు. వాడి చదువు విషయము హెడ్‌మాస్టరుతో ముందే మాట్లాడాలి. ఒక సంవత్సరము ఆలస్యమైతే ఏమీ నష్టము లేదు. వాడు పది ఒక సంవత్సరము తరువాత వ్రాశాడు.

మరొక మాట. కొన్ని మందుల వలన ముందు ముందు సంతానము కలుగుటకు ఇబ్బంది రావచ్చు. అబ్బాయి అయినా అమ్మాయి అయినా, వీలుంటే కీమో మొదలుకాకముందే డాక్టరును దీని గూర్చి అడగాలి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఆడపిల్ల అయితే "రేపు పెండ్లి ఎట్లా" అని జబ్బునే దాచి, దగ్గరలోని ఆసుపత్రికి కూడా తీసుకొనిపోనివారున్నారు. పెండ్లికి ముందు ప్రాణము ఉండాలి కదా.

పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ విషయములో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో, ఇంగ్లీషో మనకంటె మన పిల్లలకే బాగా వచ్చును. బ్యాంకులో, ఆఫీసులో వారినే ముందు నిలబెడతాము. కాని తన మరణభయమును తానే తర్జుమా చేసి తల్లికి వినిపించే పని ఏ బిడ్డకూ పెట్టకూడదు. ఆ భాష వచ్చిన పెద్ద మనిషిని ఒకరిని సంఘము వెంట పంపాలి. మా సంఘములో ఇప్పుడు ముగ్గురి పేర్లు వ్రాసి పెట్టుకున్నాము.

5. తినడానికి ఏమైనా పెట్టమని చెప్పాడు

అంత గొప్ప అద్భుతము చేసిన ప్రభువు చివరకు ఆలోచించినది ఆ అమ్మాయి ఆకలిని గూర్చి. మన సేవ కూడా ఇక్కడికి దిగిరావాలి. అప్పుడే వండిన వేడి అన్నము, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వాలి. బయటి తిండి, నిలవ ఉన్నవి, కడగని పచ్చివి వద్దు. నోరు పూసినప్పుడు గంజి, మెత్తటి పప్పన్నము ఇవ్వాలి. స్త్రీల సమాజమువారు వారానికి రెండు రోజులు ఆ ఇంటికి వంట చేసి పంపారు.

ఇంటిలో థర్మామీటరు ఉండాలి. జ్వరము 100.4 డిగ్రీలు దాటితే అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరవలసినదే. ఒక మాత్ర వేసి తెల్లవారే వరకు చూద్దామనుకోరాదు. తెల్లకణాలు లేని బిడ్డకు కొన్ని గంటలలోనే ప్రాణము మీదికి వస్తుంది. చికిత్స చేసే డాక్టరును అడగకుండా వీధి డాక్టరు చేత ఇంజక్షను వేయించవద్దు, టీకాలు వేయించవద్దు. మా ఊరి నుండి బెంగళూరుకు రాత్రివేళ రైలు దొరకదు గనుక, కారు ఉన్న ఇద్దరు సహోదరుల ఫోను నంబర్లు ఆ ఇంటి తలుపు వెనుక అతికించాము. రెండుసార్లు అవి పనికివచ్చినవి.

యౌవనస్థుల సమాజములో 18 ఏళ్లు నిండినవారి రక్తపు గ్రూపుల జాబితా తయారుచేసుకోండి. రైలులో స్లీపరు, త్రీ టైర్ ఏ.సి. తరగతులలో చికిత్సకు వెళ్లే క్యాన్సరు రోగికి ఛార్జీ పూర్తిగాను, వెంట వెళ్లే ఒకరికి 75 శాతమును రాయితీ ఉన్నది. ఆసుపత్రివారు నిర్ణీత ఫారము మీద ధ్రువపత్రము ఇవ్వాలి. బస కొరకు ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి. 2006లో ముంబయిలో ప్రారంభమైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్ల వంటివి కొన్ని నగరాలలో ఉచితముగా చోటిస్తున్నవి. రేషను కార్డులో, ఆరోగ్య కార్డులో బిడ్డ పేరు ఉన్నదో లేదో ఈ వారమే చూచుకోండి. తరతరాలుగా ఇక్కడ ఉంటూ కార్డు మాత్రము సొంత ఊరిలో ఉంచుకున్న కుటుంబాలు అవసరము వచ్చినప్పుడు చాలా తిరగవలసి వస్తున్నది.

ముగింపు

ఆ అబ్బాయి చికిత్స పూర్తయింది. ఇప్పటికీ పరీక్షలకు వెళ్లి వస్తున్నాడు. వెళ్లే ముందు రోజు తల్లికి నిద్ర ఉండదు. కాని అందరు బిడ్డల కథలూ ఇట్లే ముగియలేదు. మా సంఘము చిన్న పెట్టెను మోసిన దినములు కూడా ఉన్నవి. ఆ తల్లిదండ్రుల విశ్వాసము తక్కువైనదని చెప్పే నోరు మనలో ఉండకూడదు. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచిన తరువాతనే వారు తప్పిపోయారు. అటువంటి ఇంట మనము కూడా ఊరక కూర్చుండుదము.

మేము ఇచ్చిన తప్పుడు సలహాకు ఆ అబ్బాయిని క్షమించమని అడిగాము. "పోనీయండి మాస్టారూ, ఈసారి ఎవరైనా అడిగితే చెప్పమని చెప్పండి" అన్నాడు. ఈ పాఠము అందుకే వ్రాశాము.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. యాయీరు ఇంటిలో యేసు ఎవరిని బయటికి పంపాడు, ఎవరిని లోపలికి తీసుకున్నాడు? మన పరామర్శలు ఏ గుంపుకు చెందినవి?
2. మన ఇంటి పెద్ద సంగతులలో ఏవి పిల్లలకు దాచుచున్నాము? అవి వారికి నిజముగా తెలియవా?
3. మన సంఘములో ఆసుపత్రికి వెంట వెళ్లి స్థానిక భాషలో మాట్లాడగలవారు ఎవరు? వారి పేర్లు వ్రాయండి.
4. రాత్రివేళ బిడ్డకు జ్వరము వస్తే, మన ఊరి నుండి ఆసుపత్రికి ఎట్లు చేరుకుంటాము?

ప్రార్థనాంశములు: చికిత్సలో ఉన్న పిల్లల కొరకు, వారి తల్లిదండ్రుల ఓర్పు కొరకు, అన్నదమ్ములు అక్కచెల్లెండ్ర కొరకు, వైద్యులు నర్సుల కొరకు, బిడ్డలను పోగొట్టుకున్న ఇండ్ల కొరకు.

ఆ చిన్నదాని చెయ్యి పట్టుకొనిన ప్రభువు మన బిడ్డలందరి చెయ్యి పట్టుకొని నడిపించును గాక. ఆమేన్.